కంపనములను చిత్రించిన రామన్

దేవాలయమున గంట మ్రోగిన వెంటనే దానిపై మెల్లగా చేయి ఉంచినచో వ్రేళ్లకు జలదరింపు తెలియును. కాని కన్నులకు ఆ గంట నిశ్చలముగనే కానవచ్చును. వీణ తీగెను మీటినచో అది నడుమ ఉబ్బిన పొగచారవలె కన్పించునే గాని, ఏ క్షణమున ఎచ్చట నున్నదో మనకు తెలియదు. సెకనునకు వందల మారులు ఇటునటు ఊగెడి వస్తువును వెంబడించుటకు మానవనేత్రమునకు శక్తి చాలదు. చెవి దాని నాదమును వినగలదు. చేయి దాని అదురును గుర్తింపగలదు. కన్ను మాత్రము ఓడిపోవును.

ఇట్లు ఓడిన కంటికి ఛాయాచిత్ర ఫలకమును తోడుగా నిచ్చి, తీగె తన కదలికను తానే గీతగా వ్రాసికొనునట్లు చేసిన భారతీయ శాస్త్రజ్ఞులలో అగ్రగణ్యుడు చంద్రశేఖర వెంకట రామన్. కాంతిని గూర్చి ఆయన కనుగొనిన సత్యమును లోకమెల్ల ఎరుగును. అంతకు పూర్వము పదేండ్లకు పైగా ఆయన కంపనములను గూర్చి చేసిన కృషిని ఎరిగినవారు తక్కువ. ఆ కృషియే ఈ పాఠమునకు ముఖ్య విషయము.

రామన్ 1888 నవంబరు 7వ తేదీన తిరుచిరాపల్లి చెంతనున్న తిరువానైక్కావలులో జన్మించెను. తండ్రి చంద్రశేఖరయ్యరు, తల్లి పార్వతీ అమ్మాళ్. 1892లో చంద్రశేఖరయ్యరు విశాఖపట్టణమునందలి ఎ.వి.ఎన్. కళాశాలలో గణిత, భౌతికశాస్త్రములను బోధించు ఉపన్యాసకుడుగా చేరెను. ఇట్లు పసితనముననే రామన్ తెలుగు నేలకు వచ్చి, ఆ సముద్రతీర పట్టణమున పెరిగెను. సెయింట్ అలోషియస్ పాఠశాలలో చదివి, పదునొకండవ యేటనే మెట్రిక్యులేషను పరీక్షలో ఉత్తీర్ణుడయ్యెను. పదుమూడవ యేట ఎఫ్.ఏ. పరీక్షయందును కృతార్థుడయ్యెను. ఆనాటి ఎఫ్.ఏ. నేటి ఇంటర్మీడియేట్ వంటిది.

ఆ యింట ధనము విశేషముగా లేకున్నను రెండు సంపదలు ఉండెను. ఒకటి శాస్త్రగ్రంథములు, రెండవది ఫిడేలు. చంద్రశేఖరయ్యరు సంగీతప్రియుడు, ఫిడేలు వాయించెడివాడు. పుస్తకములలోని సూత్రములును, కమాను క్రింద పలుకు తీగెయు ఆ బాలుని మనస్సులో ఒక్కచోటనే స్థానము సంపాదించుకొనెను.

తరువాత రామన్ మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చేరి, 1904లో బి.ఏ. పరీక్షయందు ప్రథముడుగా నిలిచి బంగారు పతకములను పొందెను. అచ్చటి ఆచార్యుడు జోన్సు ఆయనను ప్రయోగశాలలో స్వేచ్ఛగా పనిచేసికొననిచ్చెను. 1906లో, పదునెనిమిదేండ్ల ప్రాయమున, కాంతిని గూర్చిన ఆయన తొలి వ్యాసము లండనునందలి ఫిలసాఫికల్ మ్యాగజైను అను ప్రసిద్ధ పత్రికలో అచ్చయ్యెను. ఆ కాలముననే జర్మను శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్జ్ సంగీతస్వరములను గూర్చి రచించిన గ్రంథము రామన్ చేతికి వచ్చెను. నాదమునందును గణితము కలదని ఆ గ్రంథము ఆయనకు బోధించెను.

ఇంగ్లండు వెళ్లి పై చదువులు చదువవలెనని గురువులు ఆశించిరి. కాని ఆయనది బలహీనమైన శరీరము. మద్రాసులోని సివిల్ సర్జను పరీక్షించి, ఆ దేహము ఇంగ్లండు చలికి తాళజాలదని తేల్చెను. ఆ దినములలో మన దేశమున శాస్త్రపరిశోధనకు జీతమిచ్చు ఉద్యోగములు మిక్కిలి అరుదు. అందుచే రామన్ ప్రభుత్వ ఆర్థికశాఖ పరీక్షకు కూర్చుండి, అందులో ప్రథమస్థానమును పొందెను. 1907లోనే లోకసుందరీ అమ్మాళ్‌ను వివాహమాడెను. ఆమె వీణ నేర్చినది. ఆమె త్యాగరాజ కీర్తనను వీణపై వాయించుచుండగా రామన్ తొలిసారి ఆమెను చూచెనని చెప్పుదురు.

ఆ సంవత్సరమే ఆయన కలకత్తాలో అసిస్టెంట్ అకౌంటెంట్ జనరల్ పదవిలో చేరెను. పద్దులు, లెక్కలు, తనిఖీలు ఆయన నిత్యకృత్యములయ్యెను. మంచి జీతము, గౌరవము, పదోన్నతి అన్నియు ఉండెను. అంతటితో తృప్తిపడిన యెడల ఆయన పేరు ప్రభుత్వ దస్త్రములలోనే నిలిచిపోయెడిది.

కలకత్తా బౌబజారు వీథిలో భారతీయ విజ్ఞాన వర్ధక సంఘము అను సంస్థ ఉండెను. భారతీయులు స్వయముగా శాస్త్రపరిశోధన చేయవలెనను తలంపుతో డాక్టరు మహేంద్రలాల్ సర్కార్ 1876లో దానిని స్థాపించెను. భవనము ఉండెను, పరికరములు ఉండెను, కాని అచ్చట పరిశోధన చేయువారు లేకపోయిరి. స్థాపకుడు తన ఆశ ఫలింపకుండగనే 1904లో మరణించెను. ఒకనాడు ఆ వీథిలో పోవుచు ఆ సంస్థ పేరుపలకను చూచిన రామన్ లోపలికి వెళ్లి, పనిచేసికొనుటకు అనుమతి కోరెను. సంఘమువారు సంతోషముతో అంగీకరించిరి.

అది మొదలు ఆయన దినచర్య మారిపోయెను. తెల్లవారకముందే లేచి ప్రయోగశాలకు పోవును. ఇంటికి వచ్చి త్వరత్వరగా భుజించి కార్యాలయమునకు పోవును. సాయంకాలము కార్యాలయము నుండి నేరుగా మరల ప్రయోగశాల చేరి, రాత్రి ప్రొద్దుపోవువరకు పనిచేయును. ఆదివారములును సెలవు దినములును ప్రయోగములకే చెల్లెను. ఆశుతోష్ డే అను సహాయకుడు ఆయనకు కుడిభుజముగా ఉండెను. నడుమ కొంతకాలము రంగూనునకును, నాగపూరునకును బదిలీ అయినపుడు కూడ ఆయన పరిశోధనను విడువలేదు. 1911లో మరల కలకత్తా చేరి తన కృషిని కొనసాగించెను.

ఇంతకు ఆయన దేనిని వెదకుచుండెను? కమానుతో వాయించిన ఫిడేలు తీగె ఎట్లు కదలుచున్నది అనునదే ఆయన ప్రశ్న. మీటిన తీగె కంపనము క్రమముగా తగ్గి ఆగిపోవును. కమాను క్రింది తీగె అట్లు కాదు. కమాను వెండ్రుకలు తీగెను పట్టుకొని కొంతదూరము లాగికొనిపోవును, పిమ్మట తీగె జారి వేగముగా వెనుకకు పోవును, మరల పట్టుబడును. ఈ పట్టుటయు జారుటయు సెకనునకు వందల మారులు జరుగును. హెల్మ్‌హోల్ట్జ్ ప్రత్యేకమైన సూక్ష్మదర్శినితో చూచి, ఆ కదలిక నునుపైన అలవలె గాక రంపపు పండ్లవలె సూటిగీతలతో ఉండునని కనుగొనెను. కాని కమానును వేర్వేరు చోట్ల ఉంచినపుడును, వేర్వేరు బలముతో ఒత్తినపుడును ఏమి జరుగునో సమగ్రముగా తేలలేదు.

రామన్ ఇందులకు ఛాయాచిత్రమును సాధనముగా గొనెను. ఆ ఉపాయము వినుటకు సులభమైనది. అడ్డముగా బిగించిన తీగె ఎదుట నిలువైన సన్నని చీలికను ఉంచి, దానిని తీవ్రమైన వెలుగుతో ప్రకాశింపజేయవలెను. కటకము ఆ చీలిక బింబమును ఛాయాచిత్ర ఫలకముపై పడవేయును. అది సన్నని వెలుగు గీతగా ఉండును. తీగె ఆ వెలుగునకు అడ్డుపడిన చోట చిన్న నల్లని చుక్క ఏర్పడును. తీగె పైకి పోయిన చుక్కయు ఒక దిశకు పోవును. తీగె క్రిందికి వచ్చిన చుక్కయు తిరిగి వచ్చును. అప్పుడు ఫలకమును ఒకే వేగముతో ప్రక్కకు జరిపినచో, ఆ చుక్క వరుసగా నడచి వెలుగు పట్టీ నడుమ ఒక వంపుల గీత వ్రాయును.

ఆ గీత కేవలము చిత్రము కాదు, అది కొలత. గీత ఎత్తును బట్టి తీగె ఎంతదూరము కదలెనో తెలియును. ఫలకము జరిగిన వేగము తెలిసినచో, గీత పొడవును బట్టి ఎంత కాలము పట్టెనో తెలియును. గీత వాలును బట్టి ప్రతిక్షణమున తీగె వేగము తెలియును. కంటికి పొగచారగా తోచిన దానిని కొలబద్దతో కొలువవచ్చునన్న మాట.

అట్టి కంపన రేఖల ఛాయాచిత్రములను గూర్చి రామన్ 1911లో ఒక వ్యాసము ప్రకటించెను. కాని చిత్రములు తీయుటతో ఆయన తృప్తి చెందలేదు. కమాను క్రింద తీగె పొందు వేగములను ఆధారముగా గొని, తీగె వెంబడి పరుగెత్తు మలుపులు ఎన్ని, అవి ఎచ్చట కలిసికొనును అని గణితముతో లెక్కించెను. లెక్కను బట్టి తీగె ఎట్టి గీత వ్రాయవలెనో ముందుగనే కాగితముపై గీసెను. పిమ్మట కమానును ఆ చోటనే ఉంచి ఫలకముపై నిజమైన గీతను పట్టెను. రెండును సరిపోలనిచో సంవత్సరముల శ్రమ వ్యర్థమగును. అవి సరిపోలెను. 1918లో సంఘము ప్రచురించిన పెద్ద గ్రంథమున ఈ సిద్ధాంతమును, దానిని ధ్రువపరచు ఛాయాచిత్రములును వెలువడెను. వాద్యశాస్త్రమున దానికి నేటికిని గౌరవస్థానము కలదు.

ఫిడేలు జాతికి చెందిన చెల్లో అను పెద్ద వాద్యమున ఒక వింత దోషము కలదు. ఒకానొక స్వరమును వాయించినపుడు నాదము నిలుకడగా రాక, గుటకలు మ్రింగినట్లు వణకుచు గర్జించును. పాశ్చాత్యులు దానిని తోడేలు స్వరమందురు. రామన్ తీగె కదలికను, వాద్యపు పెట్టె కదలికను ఏకకాలమున చిత్రించెను. రెండు గీతలను ప్రక్కప్రక్కన ఉంచి చూడగా రహస్యము బయటపడెను. ఆ స్వరము పెట్టె యొక్క సహజ కంపనముతో ఏకీభవించుటచే పెట్టె విపరీతముగా ఊగి తీగె శక్తిని హరించుచుండెను. అప్పుడు కమాను తీగెను నిలుపలేకపోవును. తీగె స్వరము మారును. దానితో పెట్టె ఊపు తగ్గును. తగ్గగానే తీగె మరల తొలి స్వరమును అందుకొనును. ఈ చక్రము తిరుగుచుండుటయే ఆ వణకునకు కారణము. చెవులకు దోషముగా తోచినది చిత్రమున నియమముగా కన్పించెను. ఈ ఫలితములు 1916లో వెలువడెను.

మనుష్యుని చేయి ఎల్లప్పుడు ఒకే వేగముతో, ఒకే ఒత్తిడితో కమానును నడపజాలదు. అందుచే రామన్ ఫిడేలును వాయించు ఒక యంత్రమును నిర్మించెను. అందులో కమాను కదలక నిలిచియుండును. ఫిడేలే ముందునకు వెనుకకు జరుగును. దాని సాయమున ఏ స్వరమునకు ఎంత ఒత్తిడి కావలయునో కొలిచి, 1920లో ఆ ఫలితములను ప్రకటించెను.

పరదేశపు వాద్యములతోనే ఆయన ఆగలేదు. హైదరాబాదు చిక్కడపల్లిలోని త్యాగరాయ గానసభ వంటి చోట్ల కచేరీ విన్నవారికి తంబుర నాదము, మృదంగధ్వని పరిచితములే. ఆ నాదములలోని మాధుర్యమునకు కారణమేమని రామన్ విచారించెను. వీణ, తంబురలలో తీగెను మోయు పలక ఫిడేలునందువలె సన్నని అంచు కాదు. అది వెడల్పై, కొంచెము వంపు కలిగియుండును. కంపించునపుడు తీగె ఆ వంపును ఒరసికొనుచుండును. అందువలన మామూలు నియమము ప్రకారము వినబడరాని అతిస్వరములు కూడ నిండుగా వినబడునని ఆయన 1921లో నిరూపించెను.

సాధారణపు డోలు చర్మమునుండి పుట్టు స్వరములు ఒకదానితో నొకటి పొసగవు. అందుచే అది చప్పుడుగా వినబడును. మృదంగము, తబలాల చర్మముపై నడుమ నల్లని ముద్దను పొరలు పొరలుగా పూయుదురు. ఆ బరువువలన చర్మపు స్వరములు ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు అను వరుసలో పొసగి, తీగె వాద్యమువలె శ్రుతిగా పలుకునని రామన్ 1920లో తన శిష్యునితో కలిసి తెలిపెను. చర్మముపై సన్నని యిసుక చల్లి, అది కదలని రేఖల వెంట ప్రోగుపడగా ఆ ఆకారములను కూడ పరిశీలించెను. పేరు తెలియని మన పూర్వపు పనివారు చేతి అనుభవముతో సాధించిన నేర్పు ఇట్లు శాస్త్రలోకమున తగిన గౌరవము నొందెను. 1927లో జర్మనీయందు వెలువడిన భౌతికశాస్త్ర మహాగ్రంథమునకు సంగీతవాద్యములను గూర్చిన ప్రకరణము వ్రాయుటకు రామన్‌నే కోరిరి.

ఇంతలో ఆయన జీవితమున పెద్ద పరీక్ష వచ్చెను. కలకత్తా విశ్వవిద్యాలయపు పెద్ద సర్ ఆశుతోష్ ముఖర్జీ ఆయనను భౌతికశాస్త్రమున పాలిత్ ఆచార్యపదవికి ఆహ్వానించెను. ఆచార్యుడగువాడు విదేశమున శిక్షణ పొందవలెనని ఒక నిబంధన ఉండెను. రామన్ దానికి సమ్మతింపలేదు. తుదకు నిబంధననే సడలించిరి. జీతము విషయమున సడలింపు లేదు. ఆర్థికశాఖలో లభించుచున్న దానిలో అది సుమారు సగము మాత్రమే. ముందు ముందు ఉన్నత పదవులు అందుకొనవలసిన ఉద్యోగి ఇట్టి మార్పునకు ఒడంబడుట బంధువులకు, స్నేహితులకు వింతగా తోచుట సహజము. రామన్ సంకోచింపక 1917లో ప్రభుత్వోద్యోగమును వదలి ఆచార్యుడయ్యెను. ఉదయ సాయంకాలములు మాత్రమే లభించిన శాస్త్రమునకు ఇక దినమంతయు లభించెను.

1921లో ఇంగ్లండు వెళ్లివచ్చుచు మధ్యధరా సముద్రపు నీలిమను చూచిన పిదప ఆయన దృష్టి కాంతి వైపు మరలెను. ద్రవములగుండ పోవు కాంతిలో కొంత భాగము రంగు మార్చుకొనునని ఆయనయు, శిష్యుడు కె.ఎస్. కృష్ణన్‌ను 1928 ఫిబ్రవరి 28వ తేదీన నిర్ధారించిరి. కాంతి యందలి ఆ మార్పు అణువుల కంపనములవలననే కలుగును. తీగెల కంపనములను కొలిచినవాడే అణువుల కంపనములను కొలుచు మార్గమును కూడ చూపెను. దీనికే 1930లో నోబెల్ బహుమానము లభించెను. శాస్త్రములలో ఆ బహుమానమును పొందిన తొలి ఆసియావాసి రామన్. ఆ 1928లోనే హైదరాబాదు నిజాం కళాశాల పట్టభద్రుడైన సూరి భగవంతం కలకత్తా చేరి ఆయన శిష్యుడయ్యెను. తరువాతి కాలమున భగవంతం ఆంధ్ర విశ్వవిద్యాలయమున ఆచార్యుడుగను, ఉస్మానియా విశ్వవిద్యాలయమున వైస్ ఛాన్సలరుగను పనిచేసి, గురువునుండి పొందిన విద్యను తెలుగు విద్యార్థులకు పంచిపెట్టెను.

1933లో రామన్ బెంగుళూరు విజ్ఞానసంస్థకు డైరెక్టరయ్యెను. 1948లో అచ్చటనే తన పేర పరిశోధనాలయమును స్థాపించెను. 1954లో భారతరత్న బిరుదము నొందెను. 1970 నవంబరు 21వ తేదీన, ఎనుబదిరెండేండ్ల ప్రాయమున, బెంగుళూరులో కన్నుమూసెను. ఫిబ్రవరి 28వ తేదీని మన దేశమున జాతీయ విజ్ఞాన దినోత్సవముగా జరుపుకొనుచున్నారు.

రామన్ ఫలకముపై చేసిన పనిని నేడు కెమెరాయు కంప్యూటరును కలిసి చేయుచున్నవి. కంప్యూటరు చిత్రము లెక్కలేనన్ని చిన్న గడులతో ఏర్పడును. ప్రతి గడికి ఎంత వెలుగున్నదో తెలుపు ఒక అంకె ఉండును. కదలెడి వస్తువు అంచు ఒక గడిలో వందవ వంతు జరిగినను ఆ అంకె కొంచెము మారును. వరుస చిత్రములలోని అంకెలను పోల్చి, వస్తువు ఎంత కదలెనో, సెకనునకు ఎన్ని మారులు ఊగెనో కంప్యూటరు లెక్కించును. వస్తువును తాకవలసిన పని లేదు. 2014లో అమెరికా దేశమున మసాచుసెట్స్ విద్యాసంస్థకు చెందిన పరిశోధకులు, అద్దము వెనుకనున్న చిరుతిండి పొట్లము మాటలధ్వనికి అదరుటను చిత్రించి, ఆ చిత్రములనుండియే మాటలను తిరిగి రాబట్టిరి.

ఐనను ఈ పద్ధతికి నియమములు కలవు. ఆర్.టి.సి. క్రాస్ రోడ్డు సినిమా హాళ్లలో చిత్రము చూచునపుడు ముందుకు పరుగెత్తు బండి చక్రము వెనుకకు తిరుగుచున్నట్లు కన్పించుట మీరు గమనించియుందురు. సెకనునకు ఇరువదినాలుగు బొమ్మలు మాత్రమే తీయుటచే కలుగు భ్రమ అది. వస్తువు ఒక మారు ఊగునంతలో కెమెరా రెండు బొమ్మలకన్న ఎక్కువ తీయనిచో కొలత తప్పిపోవును. కెమెరా నిలిపిన చోటు కూడ కదలరాదు. కదలినచో వస్తువు వణకెనో, చూచు కన్నే వణకెనో తెలియదు.

2020 ఫిబ్రవరి నుండి ముషీరాబాదు, చిక్కడపల్లి, నారాయణగూడల మీదుగా స్తంభములపై మెట్రో రైలు నడచుచున్నది. రైలు పోవునపుడు దానిని మోయు దూలము అతి స్వల్పముగా వంగి మరల యథాస్థితికి వచ్చును. క్రింద నడచు మనకు అది కానరాదు. వంతెనలందు ఇట్టి కదలికను దూరమునుండి కెమెరాతో కొలువవచ్చును. ఆ కదలిక ఏటేట మారుచున్నచో ఇంజనీర్లు ముందుగనే మేల్కొని ప్రమాదమును నివారింపగలరు. సంగీతముకొరకు పుట్టిన ప్రశ్న ఇట్లు జనుల ప్రాణరక్షణకు ఉపకరించుచున్నది.

విద్యార్థులారా! రామన్ పరిశోధన దూరమున ఎచ్చటనో ఆరంభము కాలేదు. తండ్రి వాయించిన ఫిడేలు, భార్య మీటిన వీణ, మన కచేరీలలోని మృదంగము ఆయనకు పాఠ్యవస్తువులయ్యెను. గొప్ప యంత్రములు లేవని ఆయన ఆగలేదు. ఒక దీపము, ఒక చీలిక, ఒక గాజు ఫలకముతో ఆరంభించెను. విని ఆనందించుటతో నిలువక, కొలిచి చూచెను. కొలతతో సరిపోలినపుడే తన ఊహను నమ్మెను. మీ పాఠశాలలోని గంటయు, ఇంటిలోని తంబురయు నేటికిని అట్టి ప్రశ్నలనే అడుగుచున్నవి. వాటిని శ్రద్ధతో ఆలకింపుడు.